నడుస్తున్న వ్యోమనౌకలో హీరోని మార్చడం ఎలా?

తమరు సీరియల్ నిర్మాత. తమ సీరియల్లో ఒక వ్యోమనౌక ఉంది. దానికొక కెప్టెన్, ఆ కెప్టెన్‌కి భూమ్మీద తల్లి, మరదలు, మేనత్త, ఆస్తి తగాదా అన్నీ ఉన్నాయి. ఏళ్ళ తరబడి బండి సాఫీగా నడిచింది. ఒకరోజు పొద్దున్నే కెప్టెన్ వేషం వేసే కుర్రాడు వచ్చి, "సార్, సినిమా ఛాన్సొచ్చింది. నెలాఖరు దాకానే చేస్తాను" అన్నాడు. సినిమా కాకపోతే బిగ్ బాస్. అదీ కాకపోతే ఒంట్లో బాగోలేదు. కారణం ఏదైతేనేం, ఒకటో తారీఖు నుంచి వ్యోమనౌకకి డ్రైవరు లేడు.

తెలుగులో అలాంటి సీరియల్ ఎక్కడుందండీ అంటారేమో. సీరియల్ కన్నా ముందు సలహా సిద్ధంగా ఉండడం మా గోదావరి పద్ధతి. ఆయ్.

నా అర్హత ఏమిటంటారా? టీవీలు తీయడంలో నాకు ఓనమాలు రావు. చూడడంలో మాత్రం తలపండింది. పైగా మనిషి అదే, పైన పేరు మారడమంటే ఏమిటో ఆలమూరు వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. మా ఊరి పేరుతో ఒక అసెంబ్లీ స్థానం ఉండేది. పునర్విభజన పుణ్యమా అని 2009 ఎన్నికల నాటికి అది మాయమైంది, మేం కొత్తపేట ఓటర్లమైపోయాం. 2022 ఏప్రిల్ 4న లేచి చూస్తే తూర్పు గోదావరి జిల్లా వాళ్ళం కాస్తా కోనసీమ జిల్లా వాళ్ళమయ్యాం. ఊరు ఉన్నచోటే ఉంది, గౌతమి ఉన్నచోటే పారుతోంది. బోర్డులు రాసేవాళ్ళకి నాలుగు రోజులు పని దొరికింది, అంతే. అందుచేత తమరు నిశ్చింతగా నా మాట వినండి.

ఎవరికీ చెప్పకండి

ఇది పునాది. శుక్రవారం పాత హీరో తలుపు తీసుకుని గదిలోకి వెళ్ళాలి. సోమవారం అదే తలుపు తీసుకుని కొత్త హీరో బయటికి రావాలి. తెర అడుగున సన్నటి అక్షరాలతో "ఇకపై ఈ పాత్రలో ఫలానా" అని ఒక్కసారి పరిగెత్తించండి, అదీ బంగారం తాకట్టు ప్రకటనకి కాస్త ముందు. సోమవారం రాత్రి కరెంటు పోయిన ఊళ్ళ సంగతి మనకెందుకు?

మా పెద్దమ్మ ఇలాగే ఒక మంగళవారం టీవీ పెట్టింది. ఎవడో పరాయి మగాడు కోడలి మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అత్తగారు చూసి నవ్వుతోంది. మామగారు పేపరు చదువుకుంటున్నాడు. "ఇదేం కొంపరా నాయనా" అని నిర్ఘాంతపోయి ఛానెల్ మార్చేసింది, మళ్ళీ అటు చూడలేదు. పోతే పోనివ్వండి, ఒక్క పెద్దమ్మ. ఆవిడ నోటి మాట విని అరుగు మీద కూర్చునే మిగతా వాళ్ళందరూ కూడా పోయారన్నది వేరే లెక్క, ఆ లెక్క తమ దాకా రాదు.

కథలో కారణం వెతక్కండి

ఇక్కడ కొందరు మేధావులు ఇంగ్లండు ఉదాహరణ తెస్తారు. చెవిన పెట్టకండి. బీబీసీ వాళ్ళు 1963 నవంబరు 23న "డాక్టర్ హూ" అని ఒక సీరియల్ మొదలుపెట్టారు. పైకి నీలం రంగు పోలీసు పెట్టెలా కనిపించే యంత్రంలో కూర్చుని కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే ఒక చిరాకు తాతగారి కథ అది. వేషం విలియం హార్ట్‌నెల్‌ది. మూడేళ్ళు తిరిగేసరికి ఆయన ఆరోగ్యం దెబ్బతింది, డైలాగులు నోటికి రావడం కష్టమైంది. మనమైతే ఏం చేస్తాం? పాత్రని అమెరికా పంపించేసి, ఫోన్లో మాట్లాడిస్తాం. వాళ్ళు పనీపాటా లేనట్టు కూర్చుని ఆలోచించారు. మన డాక్టరు మనిషి కాడు గదా, వేరే గ్రహం వాడు గదా, పాత ఒళ్ళు అరిగిపోతే కొత్త ఒళ్ళు వస్తుందని రాసుకున్నారు. 1966 అక్టోబరు 29న ప్రసారమైన భాగంలో హార్ట్‌నెల్ కింద పడిపోయాడు. చూస్తుండగానే ముఖం వెలిగి, ప్యాట్రిక్ ట్రౌటన్ అయ్యాడు. దాపరికమన్నదే లేదు!

అంతటితో ఊరుకున్నారా అంటే, లేదు. తర్వాతి కథలో డాక్టరు వెంట తిరిగే ఇద్దరిలో అమ్మాయి నమ్ముతుంది, అబ్బాయి నమ్మడు. ఈయన మన డాక్టరేనా అని ప్రతి పనినీ అనుమానంగా చూస్తుంటాడు. ప్రేక్షకుడు ఇంట్లో కూర్చుని గొణుక్కునే మాటని లాక్కుపోయి పాత్ర నోట్లో పెట్టేశారన్నమాట. ఇక గొణగడానికి ప్రేక్షకుడికి ఏం మిగిలింది? ఆ అనుమానం తీర్చింది మిత్రులు కూడా కాదు, డాక్టరుకి బద్ధశత్రువులైన డాలెక్కులు. ఆ ఇనుప రాక్షసి ఒకటి కొత్త ముఖం చూడగానే ఆనవాలు పట్టేసింది. శత్రువే ఒప్పుకున్నాక కాదనడానికి మనమెవరం? ఈ మార్పుకి "రీజెనరేషన్" అని పేరు పెట్టింది 1974లో. అప్పటికే ఇద్దరు డాక్టర్లు మారి, మూడో ఆయన జాన్ పర్ట్‌వీ దిగిపోతున్నాడు. పేరు లేకుండానే పని కానిచ్చేశారు.

ఇంత బుర్ర ఒక్క సీను మీద ఖర్చు పెట్టడం దుబారా కాదూ? మన దగ్గర అంతకంటే చవకైన సరుకుంది: లారీ, కట్లు, ప్లాస్టిక్ సర్జరీ. తమ కెప్టెన్ అంగారకుడి మీద తుఫానులు దాటుకుని, క్షేమంగా భూమ్మీద దిగి, ఇంటికొస్తూ జొన్నాడ వంతెన మీద ఇసుక లారీ కింద పడాలి. కట్లు విప్పే రోజున కుటుంబం అంతా మంచం చుట్టూ నిలబడాలి. ఒక్కొక్కరి ముఖం మీదికి కెమెరా మూడేసి సార్లు వెళ్ళి రావాలి. కట్టు విప్పితే కొత్త ముఖం. ముఖం సరే, మనిషి అరడుగు ఎలా పెరిగాడని అడిగే పాత్ర ఆ గదిలో ఉండకుండా చూసుకోండి.

తమ కథలో కాలయంత్రం ఉంది, క్లోనింగ్ ఉంది, సమాంతర విశ్వం ఉంది. ముఖం మార్చడానికి ఇన్ని వసతులు రామాయణ కాలంలో మారీచుడికి కూడా లేవు. అయినా ఒక్కటీ ముట్టుకోకండి. అన్నీ విలన్ కోసం దాచండి. మా పొరుగునే ఉన్న చింతలూరు ఆయుర్వేదానికి పేరున్న ఊరు, లేహ్యం తిని ముఖం మారిందని రాయించండని మావాళ్ళొకరు అన్నారు. మందుల ఊరితో వేళాకోళం వద్దని నేనే ఆపాను.

కొత్తవాడి చేత పాతవాణ్ణి దించండి

కొత్త నటుడు రాగానే పాత ఎపిసోడ్లన్నీ ముందేసి, "ఇలాగే తల వంచాలి, ఇలాగే కనుబొమ్మ ఎగరెయ్యాలి" అని చెప్పండి. మీసం కూడా అదే కొలత. సొంత తెలివి చూపిస్తే పారితోషికంలో కోత.

ట్రౌటన్‌ని ఇలా కట్టడి చెయ్యలేదు కనకే ఆయన చెడిపోయాడు. హార్ట్‌నెల్ కోపిష్ఠి పెద్దమనిషి. ఈయనేమో నలిగిన కోటూ, వదులు ప్యాంటూ వేసుకుని, పిల్లనగ్రోవి లాంటిది ఊదుకుంటూ, దేశదిమ్మరిలా తయారయ్యాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాడూ అదే దారి పట్టాడు. 1974లో వచ్చిన టామ్ బేకర్ నేల జీరాడే మఫ్లరు చుట్టుకుని ఏడేళ్ళు వేశాడు. ఎవడికి వాడు తనలాగే ఉంటే పాత్ర ఏమైపోవాలి?

నిజానికి ఈ జబ్బు ఇంగ్లండులో పుట్టింది కాదు. మన పద్యనాటకం వాళ్ళకి ఏనాడో పట్టుకుంది. తెలుగు ప్రేక్షకుణ్ణి నాశనం చేసింది వాళ్ళే కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి.

తీర్థాలకీ, కల్యాణాలకీ తెల్లవార్లూ ఆడే కాంట్రాక్టు నాటకాలు తమకి తెలుసుగా. "పాండవోద్యోగ విజయాలు" అంటే ఒక్క కృష్ణుడితో సరిపోదు. పడకసీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. కాంట్రాక్టరుకి డబ్బు దండిగా ఉంటే మధ్యలో మూడో ఆయన కూడా. హరిశ్చంద్రుడికీ అంతే, వారణాసికి ఒకరు, కాటిసీనుకి ఒకరు. ఆడే రాత్రి ఒక్కటే, పాత్ర ఒక్కటే, మనుషులు ముగ్గురు. ప్లాస్టిక్ సర్జరీ లేదు, లారీ లేదు. తెర దించుతారు, తెర ఎత్తుతారు, హార్మోనియం ఆగకుండా వాయిస్తూనే ఉంటుంది. సన్నటి కృష్ణుడు పోయి బొద్దు కృష్ణుడు వస్తాడు. జనంలో ఒక్కడు, "ఇందాకటాయన ఏడీ?" అని అడగడు. ఎందుకడుగుతాడు? ఎవరెవరు ఏ సీనుకో గోడమీది పోస్టర్లో ముందే అచ్చు వేశారుగా!

అడక్కపోగా, దాని కోసమే వచ్చేవాడు. ఈలపాట రఘురామయ్య కృష్ణుడు వేరు, పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు వేరు, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడు వేరు. పద్యం అదే. ఒకరు రాగంతో లాగేస్తారు, ఒకరు మాటకి మాట అర్థం తెలిసేలా విడమరుస్తారు. ప్రేక్షకుడు చాప మీద కూర్చుని పోల్చుకునేవాడు, పందెం కాసేవాడు, వన్స్ మోర్ కొట్టేవాడు. రెండో కృష్ణుడు మొదటి ఆయన్ని అనుకరిస్తే అక్కడే లేచి ఈలలు వేసేవాడు. కిరీటం, నెమలిపింఛం, నీలం రంగు, పద్యం, ఇవి ఉంటే కృష్ణుడే. మిగతాది వేషగాడి సొంత ఆస్తి. అరవై, డెబ్భై ఏళ్ళ కిందటి పల్లెటూరి రైతుకి ఇంత అలవాటు చేసి పెట్టారు.

ఇలాంటి ప్రేక్షకుడు తమ సీరియల్‌కి పనికిరాడు. అతను కొత్త కెప్టెన్ ఏం కొత్తగా చేస్తాడా అని చూస్తాడు. తమరు చూపించబోయేది పాత కెప్టెన్ నకలు. కాబట్టి ముందు ఆ అలవాటు మాన్పించండి.

హీరోతో పాటు చుట్టూ ఉన్నవాళ్ళని కూడా లేపేయండి

ఒకణ్ణి మార్చడం మొదలుపెట్టాక అక్కడే ఆగిపోవడం పిరికితనం. దీనికి మన తెలుగులోనే చక్కటి సాక్ష్యం ఉంది.

జెమినీ టీవీలో 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా ఆదివారం రాత్రుళ్ళు "అమృతం" వచ్చేది. గుణ్ణం గంగరాజు గారి నిర్మాణం, 300 పైచిలుకు భాగాలు. హీరో పేరు అమృతరావు, సీరియల్‌కి పేరే ఆయనది. అలాంటి పాత్రని మొదట శివాజీ రాజా వేశారు, తర్వాత నరేష్ వేశారు, ఆ తర్వాత హర్షవర్ధన్ వేశారు. ముగ్గురూ ఒకరిలా ఒకరు ఉండరు. శివాజీ రాజా అమాయకత్వం ఒక రకం, హర్షవర్ధన్ తడబాటు ఇంకో రకం. లెక్కప్రకారం సీరియల్ మూతపడాలి. పడలేదు. ఎందుకు పడలేదో చూడండి, అక్కడే ఉంది వాళ్ళు చేసిన తప్పు. అమృతం స్నేహితుడు ఆంజనేయుల్ని కదపలేదు. గుండు హనుమంతరావు గారు మొదటి నుంచి చివరిదాకా ఆయనే. ఇంటి ఓనరు అప్పాజీగా శివన్నారాయణ, వాళ్ళ హోటల్లో సర్వరు సర్వంగా వాసు ఇంటూరి కదల్లేదు. కొత్త అమృతరావు ఎవరొచ్చినా, పక్కన ఆంజనేయులు ఎప్పటిలా బిక్కముఖం వేసుకుని నిలబడితే, అద్దె అడగడానికి అప్పాజీ ఎప్పటిలా ఎగిరిపడితే, వాళ్ళు ఎవరిని అమృతం అంటే ఆయనే అమృతం. డాలెక్కు చేసిన పనే అప్పాజీ చేశాడు.

ఆ తప్పుని 2014లో కొంత దిద్దుకున్నారు. ఆ ఏడు మే నెలలో గంగరాజు గారే "చందమామలో అమృతం" అని సినిమా తీశారు. మన అమృతం, ఆంజనేయులు చంద్రుడి మీద హోటలు పెట్టడానికి వెళ్తారు. అచ్చమైన సైన్సు కల్పన, తెలుగు టీవీ పాత్ర వ్యోమనౌక ఎక్కడమంటే మాటలా! అవసరాల శ్రీనివాస్ అమృతరావు, హరీష్ ఆంజనేయులు. ఈసారి ఇద్దర్నీ ఒకేసారి మార్చారు. ఇద్దరూ బాగానే చేశారు. కానీ హోటలు భూమ్మీద ఉంటే పక్కవాడు కొత్తవాడైనా సర్దుకుంటాం. హోటలు చంద్రుడి మీద, అమృతం కొత్త, ఆంజనేయులు కొత్త అయ్యేసరికి జనానికి పట్టుకోవడానికి గట్టి కొమ్మ దొరకలేదు. సీరియల్‌కి వచ్చిన పేరులో ఆ సినిమాకి వచ్చింది ఎంతో తమకే తెలుసు. ఇదే తమ ఆదర్శం. ఊరు, వేషం, స్నేహితుడు, సంగీతం ఒక్కసారే మార్చండి.

2020 ఉగాదికి జీ5లో "అమృతం ద్వితీయం" వచ్చినప్పుడు మళ్ళీ పాత పొరపాటే చేశారు. గుండు హనుమంతరావు గారు 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆంజనేయులుగా మా కోనసీమ మనిషి ఎల్.బి.శ్రీరామ్‌ని తెచ్చుకున్నారు. కానీ ఈసారి అమృతరావుగా హర్షవర్ధన్‌ని ఉంచేశారు, అప్పాజీని ఉంచేశారు, సర్వాన్ని ఉంచేశారు. ఒకరు మారితే ఇంకొకరు నిలబడాలన్న మొండి పట్టుదల వాళ్ళది.

ముఖంతో పాటు గొంతు మార్చండి

మన సీరియల్ నాయికల్లో చాలామంది కన్నడం, మలయాళం నుంచి వచ్చినవాళ్ళు. తెర మీద ముఖం ఒకరిది, వినపడే గొంతు డబ్బింగు గదిలో నిలబడ్డ ఇంకొకావిడది. అంటే ముఖం మారినా గొంతు నిలబెట్టుకునే అవకాశం తమ చేతిలోనే ఉంది, అదీ పెద్ద ఖర్చు లేకుండా. వాడుకోకండి.

ఆలమూరులో సాయంత్రం ఏడూ ఎనిమిది మధ్య ఏ ఇంటికైనా వెళ్ళి చూడండి. టీవీ ముందు గదిలో ఉంటుంది, చూసే ఆవిడ వంటింట్లో ఉంటుంది. పప్పు పోపు పెడుతూ, పిల్లాడి చేత ఎక్కాలు చెప్పిస్తూ సీరియల్ వింటుంది. మాట గట్టిగా వినపడితే గరిటె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఒకసారి తొంగి చూసి వెళ్తుంది. ఆవిడకి సీరియల్ సగం రేడియో నాటకమే. గొంతు అదే ఉంటే, ముఖం మారిన సంగతి ఆవిడకి తెలిసేసరికి వారం పడుతుంది, ఆ వారంలో అలవాటు కూడా అయిపోతుంది. అలా కుదరదు. గొంతు కూడా మార్చేయండి, "ఎవరే ఆ కొత్తది?" అని ఆవిడ పొయ్యి కట్టేసి పరిగెత్తుకు రావాలి.

వెళ్ళేవాణ్ణి మర్యాదగా పంపకండి

ఆఖరి రోజున దండ వెయ్యడం, కొత్తవాడి చేతిలో పాతవాడి చేత ఏదైనా వస్తువు పెట్టించడం లాంటివి దండగ. ఎక్కువ డబ్బడిగాడని పుకారు వదలండి. ఆఖరి సీనుకి పిలవకండి.

దీనికి మాత్రం బీబీసీ వాళ్ళని మెచ్చుకోవాలి, ఒక్కసారైనా నా మార్గంలోకి వచ్చారు. 1986లో ఆరో డాక్టరు కాలిన్ బేకర్‌ని తీసేశారు. ముఖం మారే సీను కోసం ఒక్కసారి వచ్చి పడిపోయి వెళ్ళవయ్యా అంటే ఆయన రానన్నాడు, అనడా మరి! 1987లో కొత్తగా వచ్చిన సిల్వెస్టర్ మెకాయ్‌కే పాత డాక్టరు బట్టలు తొడిగి, ఉంగరాల జుట్టు విగ్గు పెట్టి, నేల మీద పడుకోబెట్టి, ఆయన్నే పాతాయనగానూ కొత్తాయనగానూ చూపించారు. ఒక జీతానికి ఇద్దరు డాక్టర్లు. రెండేళ్ళకి, 1989లో సీరియల్ ఆగిపోయింది. మధ్యలో 1996లో ఒక టీవీ సినిమా తప్పిస్తే మళ్ళీ 2005 దాకా లేవలేదు. ఆగిపోవడానికి విగ్గొక్కటే కారణమని నేననను. అయినా తమరు విగ్గు కొని ఉంచుకోండి.

తీసేసినవాళ్ళు ఇంక లేవరన్న ధైర్యంతో ఉండండి. ప్రేమీ విశ్వనాథ్ మలయాళంలో "కరుత్తముత్తు"లో నాయిక. మధ్యలో ఆ పాత్రలోకి ఇంకొకరు వచ్చారు. అదే కథ తెలుగులో "కార్తీక దీపం" అయినప్పుడు ఆవిడే దీపగా వచ్చి, 2017 నుంచి తెలుగిళ్ళలో వంటలక్కగా పాతుకుపోయింది. అక్కడ వేరే ముఖం సరిపోయిన పాత్రకి ఇక్కడ వేరే ముఖం ఊహించలేని పరిస్థితి. ఇలాంటివి మినహాయింపులు, పట్టించుకోవద్దు.

ఆడమనిషిని కెప్టెన్ చేస్తే ఎలా ఉంటుందని రచయిత అడిగితే గది బయటికి పంపండి. 2017లో జోడీ విట్టేకర్‌ని పదమూడో డాక్టరుగా ప్రకటిస్తే ఇంగ్లండులో ఎంత గోల చేశారో విన్నాం. మనవాళ్ళు స్థానం నరసింహారావు గారు సత్యభామ జడ వేసుకొస్తే కన్నార్పకుండా చూసినవాళ్ళు, సురభి వాళ్ళ నాటకాల్లో ఆడవాళ్ళు మగవేషాలు కడితే చప్పట్లు కొట్టినవాళ్ళు. అంతటి ఛాందసులు ఒప్పుకుంటారా?

ఇక చివరిది. గురువారం రేటింగులు వస్తాయి. కొత్త కెప్టెన్ వచ్చిన మొదటి వారం అంకె పడిపోతుంది, పడిపోయి తీరుతుంది. ఆ మధ్యాహ్నమే ఇంకొకణ్ణి వెతకండి. పై గురువారం అతన్నీ మార్చండి. కొత్తవాడికి నాలుగు నెలలు గడువిస్తే జనం అలవాటు పడిపోయే ప్రమాదం ఉంది.

ఇవి అమలు చేసి చూసి, మిగిలిన సందేహాలకి స్వయంగా రండి. రావులపాలెం వైపు నుంచైతే గౌతమి వంతెన దాటగానే జొన్నాడలో దిగి ఆలమూరు ఆటో ఎక్కండి. సలహాకి ఫీజు లేదు, భోజనం మా ఇంట్లోనే. కెప్టెన్ మానేశాక కాదు, మానేస్తానన్న రోజునే రండి. వచ్చేటప్పుడు అప్పాజీ లాంటివాడు తమ సీరియల్లో ఒక్కడైనా మిగిలి ఉంటే వెంట తీసుకురండి. ఆయన్ని పీకేశాక వస్తే నా దగ్గర కూడా మందు లేదు.